చెరువు కింద, పటం పైన

ఆకాశం నుంచి చూస్తే మన ప్రాంతమంతా ఎర్రగా ఉంటుందని ఇంట్లో చెప్పిన రోజు మా నాయన పగలబడి నవ్వాడు. పుంగనూరులో మా మిద్దె మీద అమ్మ అప్పుడే మిరపకాయలు ఆరబోసి దిగింది. "అవే కనపడి ఉంటాయి, నువ్వు సరిగ్గా సూసుకోలేదు" అన్నాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ పూట అన్నం తినకుండా అలిగాను. తెల్లారి చద్దన్నం రెండింతలు తిని మదనపల్లె బస్సెక్కాను.

తొంభైల మధ్యలో సంగతి ఇది. జాగ్రఫీతో డిగ్రీ పూర్తిచేసి, పాత చెరువులను బాగుచేయించే ఒక చిన్న సంస్థలో చేరాను. మదనపల్లెలో ఒక మేడమీద రెండు గదులు మా ఆఫీసు, దాన్ని నడిపేది మా సారు. ఉపగ్రహం తీసిన పటాలు పొడుగాటి అట్టగొట్టాల్లో చుట్టుకుని వచ్చేవి. వాటిని బల్లమీద పరిచి, పైన పల్చటి ఫిల్ము వేసి, ఎక్కడ చెరువుందో, ఎక్కడ వాగూ వంకా ఉందో, ఎక్కడ కొండ మొదలై ఎక్కడ పొలం ఆగుతుందో గీసుకోవడం నా పని. మా వీధిలో జీపెక్కి ఊళ్లు తిరిగే ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పేదాన్ని.

ఆ పటాల్లో పచ్చనిదంతా ఎర్రగా పడుతుంది. చెట్టుకూ చేనుకూ ఉన్న వెలుగును మన కళ్లు చూసినట్టు ఆ కెమెరా చూడదు. అందుకని మామిడితోటలు ముదురెరుపు, టమాటా మళ్లు లేతెరుపు, పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ తోటలు ఎర్రటి గళ్లు. నిండిన చెరువు కాటుక నలుపు, ఎండిన చెరువు పాలిపోయిన బూడిద రంగు. కుప్పం వైపు చూస్తే నల్లరాయి తీసే క్వారీల చుట్టూ గుట్టలు పోసిన రాతిముక్కలు తెల్లగా మెరిసిపోయేవి. ఏదీ దాని రంగులో ఉండదు. మొదట్లో తల తిరిగింది కానీ నెల తిరక్కముందే ఎరుపు చూస్తే పచ్చి ఆకు వాసన వచ్చేంతగా అలవాటు పడిపోయాను.

అన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించింది చెరువుల వరస. నేలమీద నడిచేటప్పుడు ఏ ఊరి చెరువు ఆ ఊరిదే. ఆకాశం నుంచి చూస్తే ఒక చెరువు పొర్లిన నీళ్లు ఇంకో చెరువులోకి, అందులోవి మరొకదానిలోకి, ఒకే దారానికి గుచ్చినట్టు పోతుంటాయి. కుప్పం దగ్గర పడ్డ వాన పాలారు వెంట తమిళనాడుకు పోతుంది. మదనపల్లె చుట్టుపక్కల చాలా వంకలు ఉత్తరంగా పారి పెన్న వైపు పోతాయి. ఈ ఉత్తరంగా పారడమన్నది గుర్తుంచుకోండి, మా సారు కొంప ముంచింది అదే.

నిమ్మనపల్లె దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు పిలిచి రాగిసంగటి తినిపించి చంపుతారు. ఆ ఊరి చెరువు చూడ్డానికి పెద్దది, కట్ట గట్టిది, తూము చక్కగా ఉంది. నీళ్లు మాత్రం చాలా ఏళ్లుగా మోకాటి లోతుకు మించి రాలేదు. అదే వానకు పక్క ఊరి చెరువు నిండిపోయేది. ఇది నిండేది కాదు. బాగుచేయాల్సిన వాటిలో దీన్ని ఉంచాలా తీసేయాలా అన్నది మేం తేల్చాలి. తీసేస్తే, నీళ్లే రాని చెరువెందుకని అందులో నీలగిరి చెట్లు నాటడానికి అప్పటికే మాటలు నడుస్తున్నాయి. చెట్లు పడ్డాయంటే ఆ చెరువు కథ అక్కడితో సరి.

ముందుగా ఆ ఊరికి పోయొచ్చిన మా డ్రైవరు, ఊళ్లో విన్న మాట సారుకు చెప్పాడు: "చెరువు పైన పాత కాలువ ఒకటి ఉండిందంట సార్. ఇప్పుడు కనపడలేదంట." సారు భూతద్దం తీసుకుని పటంలో చెరువు పైభాగమంతా వెతికాడు. కాలువ లేదు, కాలువ ఆనవాలు కూడా లేదు. పెన్సిలుతో చెరువు చుట్టూ సున్నా చుట్టి, అడ్డంగా గీత కొట్టేశాడు. సారు మంచివాడు, పనిమంతుడు. కాకపోతే పటాలతోనే బతికేవాడికి పైన అంటే ఉత్తరం, అంతే. ఇంకో అర్థం తోచదు.

అయినా చివరి మాట ఊళ్లోవాళ్లకు మొహం మీద చెప్పాలి కదా అని ఇద్దరం జీపులో బయలుదేరాం. బడి వరండా ముందు నులకమంచం వేసి, దానిమీద పటం పరిచాం. మగవాళ్లు ఒకవైపు మూగారు, ఆడవాళ్లు కాస్త ఎడంగా నిలబడ్డారు. ఊరిపెద్ద వంగి చూసి అదిరిపడ్డాడు.

"ఏంది పాపా ఇది, మా ఊరు తగలబడి ఉండాదే!"

"తగలబళ్లేదన్నా. ఎర్రగా ఉండేదంతా పచ్చని చెట్లు."

"పచ్చనివి ఎర్రగా యాల కనపడతాయి?"

నేను నోరు తెరిచేలోపల, వెనకనుంచి ఒక పెద్దామె అందుకుంది. "పైనుండే దానికి ఎర్రకామెర్లు వచ్చుంటాయిలే అప్పా." అందరూ గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు. ఆ పెద్దామెకు నోటిలో మాట ఆగదని అప్పుడే అర్థమైంది. తర్వాత ఆమె అన్న మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు.

"చెరువు యాల నిండలేదో మాకు ఎరికే. దీనికి పటాలెందుకు, జీపులెందుకు? కాళ్ల మహిమ" అంది. అంటూ, మాకు మజ్జిగ తెస్తున్న తన కోడలి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

ఆ కోడలికి అప్పటికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. పెద్దకొడుకు ఆమె భుజం దాటి ఎదిగాడు. ఆమె ఆ ఊరికి కాపురానికి వచ్చే ముందటి ఏడాది చెరువు నిండి మొరవ పోయింది. మొరవ అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. అక్కడ నీళ్లు దూకడం మా వైపు ఊరంతటికీ పండగ. ఆమె వచ్చిన ఏటినుంచి మొరవ మీద నీటిచుక్క పడలేదు. అంతే, ఊరు లెక్క తేల్చేసింది. ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికూతురికి ఎదురు రానిచ్చేవాళ్లు కాదు. విత్తనాలు చల్లే పొద్దున ఆమెను చేలోకి పిలిచేవాళ్లు కాదు. ఆమె ముందే ఈ కథంతా అత్త మాకు చెబుతూ ఉంటే, ఆమె మజ్జిగ లోటాలు ఒక్కొక్కరికే అందిస్తూ పోయింది. నాకు నెత్తురు మరిగింది. చేతిలో లోటా లేకపోతే ఏమనేదాన్నో.

పంచడం అయ్యాక ఆమెకు నిలబడడానికి చోటు దొరకలేదు. మగవాళ్లంతా మా పక్కనే ఉన్నారు. మంచానికి అవతలి కొసకు పోయి నిలబడి, పటాన్ని అటునుంచి చూసింది. చాలాసేపు చూసి నెమ్మదిగా అడిగింది.

"పాపా, ఈ తిన్నగా ఉండే గీత మా చెరువు కట్టేనా?"

"అవునక్కా."

"అట్లయితే మా మడి ఈడుండాల. కట్ట కింద." వేలు పెట్టి చూపించింది.

సారు ఓపిగ్గా చెప్పాడు. "అది చెరువుకు పైన ఉన్న పొలమమ్మా."

"పైన యాడ సార్? కింద. తూము తీస్తే నీళ్లు మా మడికే గదా వచ్చేది. చెరువు పైన అంటే అది, ఆపక్క, కొండ తట్టు." ఆమె చెయ్యి పటం మీద మా కడుపుల వైపు వచ్చి ఆగింది.

ఊరంతా సారును చూసి నవ్వింది. చెరువుకు పైనేదో కిందేదో తెలియని మనిషిని వాళ్లు జన్మలో చూసి ఉండరు. నేను మాత్రం పటం మీదికి వంగాను. అక్కడ నీళ్లు ఉత్తరానికి పారతాయి. అంటే చెరువు కింద పండే మళ్లన్నీ పటంలో పైన ఉంటాయి. చెరువు పైన ఉండాల్సిన కాలువ పటంలో అడుగున ఉంటుంది. మేం వెతికింది కాలువ ఉండడానికే వీల్లేని చోట!

"జరగండి, జరగండి" అని మగవాళ్లను తోసుకుంటూ మంచం అవతలికి పోయి ఆమె పక్కన నిలబడ్డాను. సారు చేతిలోని భూతద్దం లాక్కున్నంత పని చేశాను. ఇప్పుడు కట్ట నా ముందు ఉంది, కొండ దూరంగా ఎదురుగా ఉంది. తలెత్తితే నేలమీద కూడా అలాగే ఉంది. కొండ పాదం నుంచి చెరువు వైపు చూసుకుంటూ వచ్చాను.

కనపడింది. సన్నగా, జడ దారమంత ఎర్రటి గీత. కొండ మలుపులో పుట్టి, బీళ్ల మధ్య మెలికలు తిరుగుతూ చెరువు వైపే వచ్చి, సగంలో టక్కున ఆగిపోయింది. ఆగిన చోట అడ్డంగా తెల్లటి గీత ఒకటి, దాన్ని ఆనుకుని కొండ వైపున ఒక ఎర్రమచ్చ. తెల్లగీతకు ఇవతల ఏమీ లేదు, బూడిద రంగే. అది నిండు ఎండాకాలంలో తీసిన పటం. చుట్టూ ఒక్క చేలోనూ పచ్చి ఆకు లేని నెల. అలాంటప్పుడు గీత గీసినట్టు చెట్లు పచ్చగా ఉన్నాయంటే వాటి అడుగున తడి ఉన్నట్టే.

"ఈ తెల్లది ఏంది?" అనడిగాను, తెలిసీ.

"రోడ్డు" అన్నాడు ఊరిపెద్ద.

"ఎప్పుడేసినారు?"

ఆయన చెప్పబోయి ఆగాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. చివరికి నా పక్కన నిలబడ్డ కోడలే చెప్పింది. "నా పెండ్లి ఎండాకాలంలో. ఈ కొత్త రోడ్డు మీద వచ్చిన మొదటి బస్సు మా పెండ్లి బస్సే."

ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా ఎండలో మా వెంట నడిచింది. రోడ్డు దగ్గరికి పోతే, కొండ వైపున కానుగ చెట్లు, తుమ్మలు గుంపుగా పెరిగి ఉన్నాయి. రోడ్డుకు ఇవతల ఆకు లేదు. తుప్పలు నరికి చూస్తే లోతైన పాత కాలువ, పక్కలకు పేర్చిన రాళ్లతో సహా బయటపడింది. రోడ్డు వేసినవాళ్లు ఎండాకాలంలో ఎండిన గుంతనుకుని మట్టి పోసి దాటేశారు. కింద నీళ్లు దాటిపోవడానికి చిన్న మోరీ కూడా పెట్టలేదు. వానొస్తే కొండనీళ్లు అక్కడికి వచ్చి, తగిలి, రోడ్డు పక్క గుంతవెంట పారి పక్క ఊరి వంకలో కలిసేవి. పక్క ఊరి చెరువు ఏటా ఎలా నిండిందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

సారు రోడ్డు మీదే నిలబడి, రబ్బరు తీసి, పటంలో తను కొట్టేసిన గీతను చెరిపేశాడు. నేను మాత్రం పెద్దామె దగ్గరికి పోయాను. "కాళ్లు గాదమ్మా, రోడ్డు" అన్నాను. గట్టిగానే అన్నాను, ఊరంతా వినేటట్టు. ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో ఇంత కమ్మగా పలికిన మాట ఇంకోటి లేదు.

పెద్దామె తగ్గలేదు. "నిండితే సూస్తాంలే పాపా" అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. పటంలో గీత కనపడినంత మాత్రాన ఊరు నోరు మూసుకోదు. చెరువు నిండకపోతే, పటాలు తెచ్చినా నిండలేదు చూడండి, అంత గట్టివి ఆ కాళ్లు అంటారు. ఆ సాయంత్రం జీపు ఎక్కేటప్పుడు కోడలు నా చెయ్యి పట్టుకుంది. జీపు కదిలేదాకా వదల్లేదు.

మళ్లీ వానల్లోపల రోడ్డు కింద పెద్ద సిమెంటు గొట్టాలు పడ్డాయి. కాలువను ఊరివాళ్లే ఇంటికి ఒకరు చొప్పున వచ్చి తవ్వుకున్నారు. ఆమె ఇంటినుంచి ఆమే వచ్చిందని, అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక పోయేదని డ్రైవరు చెప్పాడు. ఇక వాన. శ్రావణం చినుకులతో సరిపెట్టింది. భాద్రపదం మబ్బులు చూపించి పోయింది. నేను ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చుని హార్స్లీ కొండ మీద మబ్బు కమ్మిందా లేదా అని చూస్తూ పని పాడుచేసుకున్నాను. సారు కోప్పడలేదు, ఆయనా అటే చూస్తున్నాడు కాబట్టి.

దీపావళి ముందు పట్టింది వాన. తెరిపి లేకుండా కురిసింది. పుంగనూరు బస్సులు ఆగిపోయాయి. వాన వెలిసిన పొద్దున ఆఫీసు ఫోను మోగింది. నిమ్మనపల్లెలో ఎస్టీడీ బూత్ నుంచి ఊరిపెద్ద. ఆయన మాట్లాడడం లేదు, అరుస్తున్నాడు.

"పాపా! మొరవ పోతాంది! సారును పిల్సుకోని రా, మొరవ పోతాండాది!"

జీపును ఊరి బయటే ఆపేశాం, ముందుకు పోవడానికి దారంతా జనం. చెరువు కళ్లు పట్టనంత ఉంది. కట్ట అంచుదాకా నీళ్లు. మొరవ మీద నుంచి నీళ్లు మందంగా, గోధుమరంగులో దూకుతున్నాయి. పిల్లలు కేకలు పెడుతున్నారు, ముసలివాళ్లు దణ్ణాలు పెడుతున్నారు. పలక డప్పులు మోగుతున్నాయి. పొర్లిన నీళ్లన్నీ పారి చివరికి పక్క ఊరి చెరువుకే పోతాయి కనుక ఆ ఊరివాళ్లు కూడా వచ్చి గెంతుతున్నారు. నేను సిగ్గులేకుండా ఏడ్చాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తుంపర్లు పడ్డాయని అబద్ధం చెప్పాడు.

మొరవ పోయినప్పుడు గంగమ్మకు పూజ చేయాలి. ఊరి ముత్తైదువ ఒకామె నీళ్లలోకి దిగి మొరవ రాయికి పసుపు కుంకుమ పెట్టి, రవికెగుడ్డ నీళ్లలో వదలాలి. పళ్లెం సిద్ధంగా ఉంది. ఎవరు దిగాలి? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అందరి మనసులోనూ ఒకే మనిషి ఉంది, పిలవడానికే ఎవరికీ నోరు రావడం లేదు. ఆమె జనం వెనక, పక్క ఊరివాళ్లతో కలిసి నిలబడి ఉంది.

చివరికి పెద్దామే పళ్లెం చేతిలోకి తీసుకుని జనాన్ని చీల్చుకుంటూ పోయింది. కోడలి ముందు నిలబడి, "నువ్వే పెట్టల్ల. రా" అంది.

ఆమె పళ్లెం అందుకుంది. నీళ్ల అంచుదాకా వచ్చి ఆగింది. పలకలు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి, ఎప్పుడూ లేనంత గట్టిగా, ఊరంతా వినేటట్టు అడిగింది.

"ఏ కాలు ముందు పెట్టమంటావు అత్తా? కుడిదా, ఎడందా?"

అంత నోరున్న పెద్దామె తలొంచుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని, తానే ముందు నీళ్లలోకి దిగింది. దిగి, కోడలికి చెయ్యి అందించింది. "రెండూ పెట్టు తల్లీ" అంది. అప్పుడు లేచిన కేకకు కొండమీద పక్షులు ఎగిరిపోయుంటాయి. పలకలవాళ్లు ఆ పూట చేతులు నొప్పి పుట్టేదాకా వాయించారు.

ఆ తర్వాతి ఎండాకాలంలో వచ్చిన కొత్త పటంలో ఆ చెరువు కాటుక చుక్కలా ఉంది, పక్కన మళ్లు ఎర్రగా మండిపోతున్నాయి. ఒక ప్రతి తీసుకుపోయి ఆ కోడలికిచ్చాను. ఆమె దాన్ని ఇంటి వసారాలో దేవుడి పటాల పక్కన తగిలించింది, తలకిందులుగా, చెరువు కింద మళ్లు కిందనే ఉండేటట్టు. నేను సరిచేయలేదు. ఆ ఊళ్లో ఇప్పటికీ పైరు బాగుంటే ఎర్రగా ఉండాది అంటారు. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన ఆ మాట విని పైరుకు తెగులొచ్చిందని కంగారు పడ్డాడట.

చెరువు ఏటేటా నిండలేదు. రెండు వేల సంవత్సరం దాటాక కరువు వచ్చింది, మా జిల్లా అంతా చెరువులు నెర్రెలిచ్చాయి. ఆ చెరువూ ఎండింది. సరిగ్గా ఆ ఎండల్లోనే ఆమె పెద్దకొడుకు పెళ్లి. పెళ్లికూతురు కుప్పం పిల్ల, తెలుగులో తమిళం కలిపి తియ్యగా మాట్లాడుతుంది. నేనూ పోయాను. వాకిట్లో గడప మీద బియ్యం చెంబు పెట్టారు. పెళ్లికూతురు గడప ముందు తలొంచుకుని నిలబడింది. వెనకనుంచి ఎవరో ముసలమ్మ, అలవాటు చావక, "కుడికాలు, కుడికాలు ముందు. అసలే చెరువు ఎండి ఉండాది" అంది. పిల్ల బెదిరిపోయి ఎత్తిన పాదం మళ్లీ దించేసింది.

పెళ్లికొడుకు తల్లి లోపలినుంచి వచ్చింది. వసారా గోడమీది పటాన్ని మేకునుంచి తీసి, రెండు చేతులా పట్టుకుని అందరి ముందూ నిలబడింది.

"చెరువు నిండేది వానతో, కాలువతో. కాళ్లతో గాదు. యెవురికైనా అనుమానముంటే ఈడ సూడండి" అంది. ఎవరూ దగ్గరికి రాలేదు. పటాన్ని నా చేతికిచ్చి, కోడలి గడ్డం పట్టుకుని తల ఎత్తింది.

"ఏ కాలు ముందు పెడతావో నీ ఇష్టం పాపా. లోపలికి రా."